పాతచిత్రముల అభిమాని - తోడిపాత్రలు

(రజతోత్సవ సభలో చదువబడిన ఉపన్యాసము)



గ్రంథాలయ రజతోత్సవములలో గ్రంథాలయోద్యమమును గూర్చియో, కవిత్రయమును గూర్చియో ప్రసంగించుట ఆచారము. ఈ ప్రసంగమునకు విషయము పాత తెలుగు చలనచిత్రములు, వాని నటీనటులు, వారిని గూర్చి అభిమానులు చెప్పుకొను మాటలు. పుస్తకముల నడుమ సినిమా మాట యేల అని కొందరు పెద్దలకు తోచవచ్చును. కాని పఠనమందిరమునకు వచ్చువారిలో పత్రిక చేతికందగానే ముందుగా సినిమా పుటను తిరుగవేయువారు తక్కువ కారు. వార్తలు చదువుట ముగిసిన పిదప అరుగుమీద సాగు సంభాషణలో సగము పాతచిత్రములను గూర్చియే యుండును. గ్రామములో ఇందరు ఇన్ని యేండ్లుగా మాటలాడుకొను విషయము గ్రంథాలయమునకు పరాయిది కాజాలదు.

ప్రతి గ్రామమునందును పాతచిత్రముల అభిమాని యొకడు తప్పక ఉండును. అతడు టూరింగు టాకీసుల కాలమువాడు. డేరాలో నేల టిక్కెట్టు కొని, ముందువాని తల అడ్డు రాకుండ ఇసుకను కుప్పగా పోగుచేసి, దానిపై కూర్చుండి చిత్రము చూచినవాడు. ఒకే యంత్రముగల ఆ టాకీసులలో రీలు మార్చినప్పుడెల్ల దీపములు వెలిగెడివి. ఆ కొంచెము వ్యవధిలోనే సోడాలు, మరమరాలు అమ్ముడుపోయెడివి. వాకిట అమ్ము పాటల పుస్తకమును కొని, అందలి కథాసంగ్రహమును చదివి, మంచిపట్టున కథ నాపి ‘శేషము వెండితెరపై’ అని వ్రాసిన పంక్తికి వచ్చి, మరునాడు మరల ఆటకు పోయినవాడు. తరువాత రేడియోలో సంక్షిప్త శబ్దచిత్రములు విని, బొమ్మ లేకయే గొంతునుబట్టి నటుని గుర్తించుట నేర్చెను. 1977 అక్టోబరు 23వ తేదీన హైదరాబాదు దూరదర్శన్ కేంద్రము ప్రారంభమై, క్రమముగా టెలివిజన్ పెట్టెలు పల్లెలకు చేరగా, ఇరుగుపొరుగు వసారాలలో చాప పరచుకొని ఆ చిత్రములనే మరల చూచెను.

అట్టివాని తీర్పులు నాట్యశాస్త్రము చదివి చేసినవి కావు. పదిమార్లు, ఇరువదిమార్లు చూచి, పదిమందితో వాదించి, నిలుపుకొన్న అభిప్రాయములు. వానిలో ముఖ్యమైనవి మూడు. పాతచిత్రమునకు ప్రాణము నాయికానాయకులకంటె తోడిపాత్రలయందే ఎక్కువగా నున్నదని మొదటిది. ఆనాటి నటులకు మాట వచ్చునని రెండవది. ఇప్పుడట్టి చిత్రములు లేవు, రావు అని మూడవది. ఈ మూడింటిని వరుసగా పరిశీలించుట యీ ప్రసంగముయొక్క ఉద్దేశము.

మొదటి అభిప్రాయమునకు అభిమాని చూపు ప్రధాన సాక్ష్యము ‘మాయాబజార్’. 1957 మార్చి 27వ తేదీన విడుదలయిన యీ విజయావారి చిత్రమునకు దర్శకుడు కె. వి. రెడ్డి, రచయిత పింగళి నాగేంద్రరావు, ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లే. భారతకథలోని పాత్రలతోనే నడచు చిత్రమైనను, ఇందు పంచపాండవులలో ఒక్కరును తెరపై కనబడరు. చూచినవారి కా లోటు తోచదు. ఎందుచేతననగా ప్రతి చిన్నపాత్రకును తనదైన నడక, తనదైన మాట, తనదైన ఆశ యున్నవి. శర్మ, శాస్త్రి అను పురోహితులుగా అల్లు రామలింగయ్య, వంగర వెంకటసుబ్బయ్య కనబడునది కొద్దిసేపే. ఆ కొద్దిసేపటిలోనే వారు కౌరవుల కొలువులో ముఖస్తుతి ఎట్లు సాగునో తేటతెల్లము చేయుదురు. మాయావి చినమయగా రమణారెడ్డి, అతని శిష్యులు లంబుజంబులుగా చదలవాడ కుటుంబరావు, నల్ల రామమూర్తి నటించిరి. కంబళికి గింబళి, తల్పమునకు గిల్పము పుట్టినది వారి పనితనము వలననే. తెలుగువారు మాటకు మాట జోడించి పలుకు అలవాటునే పింగళివారు వస్తువులుగా మలచి, విడిదికి వచ్చిన పెండ్లివారి కాళ్ళక్రిందను, వీపుక్రిందను పరచిరి. ఆ హాస్యమంతయు తోడిపాత్రల చేతులమీదుగానే నడచినది.

అదే చిత్రమున శకునిగా నటించిన సి. యస్. ఆర్. ఆంజనేయులును గూర్చి అభిమాని ప్రత్యేకముగా చెప్పును. ఆయన రంగస్థలముపై శ్రీకృష్ణ పాత్రకు పేరుపొందినవారు. 1936లో వచ్చిన ‘ద్రౌపదీ వస్త్రాపహరణము’ చిత్రమునందును ఆయనయే కృష్ణుడు. ఇరువది యొక్క సంవత్సరముల పిదప ఆయన కృష్ణునికి ఎదుటిపక్షమున నిలిచి పాచికలు దొర్లించెను. సత్యపీఠముపై నడుగిడినవాడు మనసులోని మాట దాచలేడని కథలో నియమము. కడపట శకుని దానిపై నిలిచినప్పుడు, చెప్పగూడదనుకొన్న కుట్ర అంతయు తన నోటనే బయటపడుచుండ, దానిని ఆపలేని అవస్థ ఆయన ముఖమున కనబడును. ఒక్క దెబ్బయైన తినకుండ ప్రతినాయకుడు ఓడిపోయిన ఆ ఘట్టము చాలు ఆ నటుని శక్తి తెలియుటకు.

నాయికయైన సావిత్రి విషయములోను అభిమాని మాట నిలుచును. శశిరేఖగా ఆమె అందముగా నటించినది. కాని జనము మరువనిది మాయాశశిరేఖను. ఘటోత్కచుడు శశిరేఖ రూపు దాల్చినప్పుడు, సావిత్రి దేహములో నుండవలసినది ఎస్. వి. రంగారావు ఠీవి. పాట మధ్య మధ్య పురుషస్వరము వినబడును. సుకుమారముగా పట్టుకొన్న చేయి క్షణములో రాక్షసుని పిడికిలియై లక్ష్మణకుమారుని బాధించును. అనగా నాయిక తన కీర్తిలో మిక్కిలి గొప్ప భాగమును తోడిపాత్రధారి నడకను, చూపును తన యందు నిలుపుకొని సంపాదించినది. రంగారావు అంత స్పష్టమైన రూపు నీయకపోయినచో సావిత్రికి అనుసరించుటకు ఏమియు నుండెడిది కాదు. ఇరువురి గొప్పతనమును ఒకే ఘట్టములో చూపు ఉదాహరణము మరియొకటి దొరకుట అరుదు.

ఎస్. వి. రంగారావు 1918 జూలై 3వ తేదీన నూజివీడులో జన్మించెను. చిత్రసీమకు రాకముందు అగ్నిమాపక శాఖలో ఉద్యోగము చేసెను. 1950లో ‘షావుకారు’ చిత్రమున సున్నపు రంగడు అను రౌడీగాను, 1951లో ‘పాతాళభైరవి’ యందు నేపాళ మాంత్రికుడుగాను కనబడెను. ఆ మాంత్రికుడు చిన్నవానిని ‘డింభకా’ అని పిలిచిన పిలుపు నిఘంటువులో నిద్రపోవుచున్న పదమును వీధిలోనికి తెచ్చినది. నాలుగేండ్లకు 1955లో ‘మిస్సమ్మ’ యందు, తప్పిపోయిన పెద్దకూతురును తలచుకొను మెత్తని మనసుగల జమీందారైనాడు. 1963లో ‘నర్తనశాల’ యందు కీచకుడైనాడు. ఆ కీచకపాత్రకు జకార్తా నగరమున జరిగిన ఆఫ్రో-ఆసియా చలనచిత్రోత్సవమున ఉత్తమ నటుడుగా గౌరవము పొందెను. రౌడీ, మాంత్రికుడు, తండ్రి, రాక్షసుడు, కాముకుడు ఒకే దేహమున నుండిరి. ఒకని జాడ మరియొకనిలో లేదు. మాంత్రికుడు కన్ను చికిలించి మెల్లగా పలుకును. కీచకుడు తల ఎత్తి, లోకమంతయు తనదైనట్లు నడచును. జమీందారు మాట మధ్యలో ఆగి భార్య వంక చూచును. 1974లో ఆయన గతించెను. 2013లో భారత తపాలాశాఖ ఆయన చిత్రముతో బిళ్ళను వెలువరించినది.

వయస్సుల లెక్క తీసినచో తోడిపాత్రధారుల ప్రజ్ఞ మరింత తెలియును. మాయాబజార్‌లో ఘటోత్కచునికి తల్లి హిడింబిగా నటించిన సూర్యకాంతము 1924లో జన్మించెను. కొడుకుగా నటించిన రంగారావుకంటె ఆమె ఆరేండ్లు చిన్నది. శ్రీకృష్ణుడైన నందమూరి తారక రామారావు 1923లోను, కృష్ణునికి అన్నయైన బలరామపాత్రధారి గుమ్మడి వెంకటేశ్వరరావు 1927లోను పుట్టినవారు. తమ్ముడు అన్నకంటె నాలుగేండ్లు పెద్ద. ఐనను తెరపై ఆ సంగతి ఎవరికిని తోచదు. గుమ్మడి బరువుగా కూర్చుండి, చెల్లెలి కిచ్చిన మాటకును భార్య కోరికకును నడుమ నలుగుచు మాటలాడునప్పుడు, చూచువారు ఆయనను నిజముగా ఇంటి పెద్దగానే గౌరవింతురు. 1962లో ‘మహామంత్రి తిమ్మరుసు’ చిత్రమున ఆయన తిమ్మరుసు, రామారావు కృష్ణదేవరాయలు. అప్పటికి తిమ్మరుసు వయస్సు ముప్పది అయిదు. తలపై తెల్లవెండ్రుకలు రంగుతో తెచ్చుకొనవచ్చును. రాజ్యభారమును మోసి అలసిన చూపును నటుడే తెచ్చుకొనవలెను.

హాస్యనటుల విషయములో అభిమాని మరియొక సూక్ష్మమును పట్టును. రేలంగి వెంకటరామయ్య రెండు చిత్రములలో రాకుమారుడుగా నటించెను. మాయాబజార్‌లో లక్ష్మణకుమారుడు, నర్తనశాలలో ఉత్తరకుమారుడు. పైకి చూచిన ఇరువురును ఒకటే, గొప్పలు చెప్పుకొనువారు. కాని లక్ష్మణకుమారుడు తన అందమును, తన ఘనతను నిజముగా నమ్మినవాడు. అతని గర్వమునకు అడుగున అనుమానము లేదు. ఉత్తరకుమారుడో, తాను పిరికివాడని లోలోపల ఎరిగి, అంతఃపురస్త్రీల ముందు దానిని కప్పుకొనువాడు. అందువలన మొదటివాని అవమానము చూచినవారు పకపక నవ్వుదురు. రెండవవాడు కౌరవసేనను చూచి వణకినప్పుడు నవ్వుతోపాటు జాలియు కలుగును. ఒకే నటుడు ఆరేండ్ల వ్యవధిలో డంబములో ఇన్ని అంతరములు చూపుటను గుర్తించిన అభిమాని సామాన్యుడు కాడు.

స్త్రీల అభిప్రాయములు వేరుగా చెప్పుకొనవలసియున్నవి. 1962 జూన్ 7వ తేదీన విడుదలయిన ‘గుండమ్మ కథ’యందు రామారావు, అక్కినేని నాగేశ్వరరావు, సావిత్రి, జమున నటించిరి. నాడు పేరుపొందిన నాయికానాయకు లిందరుండగా, చిత్రమునకు పెట్టిన పేరు మాత్రము సూర్యకాంతము ధరించిన పాత్రది. తోడిపాత్రను గూర్చి అభిమాని చేయు వాదమునకు ఇంతకంటె బలమైన సాక్ష్యము వేరొకటి లేదు. పురుషులు గుండమ్మను గయ్యాళి యని నవ్వి ఊరకుందురు. స్త్రీలు అట్లనరు. భర్త పోయిన ఆడుది, ఆస్తి చేతిలో నున్నది, బంధువులు ఘంటయ్య వంటివారు, ఒకరిని నమ్మిన ఇల్లు పోవును, అందుచేతనే ఆమె నోరు అంత పెద్దదైనది అని వారు చెప్పుదురు. సవతికూతురిని దాసిగా చూచిన ఆమె పాపమును వారు మన్నింపరు. ఐనను ఆ పాపము వెనుకనున్న భయమును గుర్తింతురు.

ఆ చిత్రపు చివరిభాగమున కోడలివైపు చుట్టమైన దుర్గ ఆ ఇంట జొరబడి గుండమ్మను బాధించును. దుర్గగా నటించినది ఛాయాదేవి. అంతవరకు ఊరినెల్ల బెదరించిన గుండమ్మ తన ఇంటిలోనే బందీ యగును. అప్పుడామె ఎడమచేతి విసురు, ఆ గొంతు ఏమైనవో చూడవలెను. నోరు పెగలదు, చేయి లేవదు, చూపు మాత్రము గుమ్మమువంక నుండును. విడిపించుటకు వచ్చునది ఆమె దాసిగా చూచిన లక్ష్మియే. ఆ ఘట్టములో ఏడ్చినంతగా స్త్రీలు నాయిక కష్టములకు ఏడువలేదని పాత ప్రేక్షకులు చెప్పుకొందురు. ఈ చిత్రము కన్నడమునందలి ‘మనె తుంబిద హెణ్ణు’ అను చిత్రము ననుసరించినది. కథ ఎరువు తెచ్చినదైనను గుండమ్మ తెలుగింటి మనిషియే యైనది. డి. వి. నరసరాజు మాటలు, సూర్యకాంతము నోరు కలిసి ఆ పని చేసినవి. ఆడపిల్లకు సూర్యకాంతమని పేరు పెట్టుటకు తల్లిదండ్రులు జంకునంతగా ఆ నటి తన పాత్రలను నిలిపినది. నిజజీవితమున ఆమె పదిమందికి పెట్టి తినునదని తోటినటులు పలుమార్లు చెప్పియున్నారు.

మాతృపాత్రలయందు ఋష్యేంద్రమణిని మరువరాదు. 1951లో వచ్చిన ‘మల్లీశ్వరి’యందు మల్లి తల్లి నాగమ్మ ఆమెయే. కూతురికి రాచనగరు పల్లకి వచ్చినదని మురిసి, మేనల్లుని పేదరికమును తూలనాడిన తల్లి. ఆరేండ్లకు మాయాబజార్‌లో, అన్నగారి ఇంట మాట పోగొట్టుకొని, కొడుకుతో అడవిబాట పట్టిన సుభద్రయు ఆమెయే. ఒకచోట పేదవానికి పిల్లనీయని తల్లి, వేరొకచోట పేదరికము వలన పిల్ల దొరకని తల్లి. ఒకే సమస్యను రెండువైపులనుండి చూపిన ఆ నటిని నేటి ప్రేక్షకులలో పేరుతో ఎరిగినవారు కొద్దిమందియే.

ఇక రెండవ అభిప్రాయము. ఆనాటి నటులకు మాట వచ్చునని అభిమాని అనుట ఊరక పొగడుట కాదు. దానికి కారణము స్పష్టముగా నున్నది. వారిలో పెక్కురు నాటకరంగమునుండి వచ్చినవారు. కడప మండలములోని సురభి గ్రామమున 1885లో పుట్టిన సురభి నాటక సమాజముల పరంపరకు చెందిన కమలాబాయి తొలి తెలుగు టాకీ ‘భక్తప్రహ్లాద’యందు లీలావతిగా నటించెను. పాతాళభైరవిలో తోటరాముని తల్లియు ఆమెయే. ఋష్యేంద్రమణి, సి. యస్. ఆర్., రేలంగి మున్నగువారును నాటకముల ననుభవించి వచ్చినవారే. ధ్వనివర్ధక యంత్రములు లేని పందిళ్ళలో చివరి వరుసవానికి అక్షరమక్షరము వినిపించవలసిన అక్కర వారి నాలుకకు పదును పెట్టినది. ఒత్తు జారిన, దీర్ఘము తగ్గిన ప్రేక్షకుడే కేకవేసి దిద్దెడివాడు. అట్టి శిక్షణ పొందినవారు శబ్దగ్రాహక యంత్రము ముందు గొంతు తగ్గించి పలుకుటను మాత్రము క్రొత్తగా నేర్చుకొనవలసివచ్చినది. పదస్పష్టత మొదటినుండియు వారి సొత్తు. చదువురాని గ్రామస్థుడు సహితము ‘అస్మదీయులు, తస్మదీయులు’ అను మాటలను తడబడక పలుకుటకు నేర్చినది వారి నోటినుండియే. గ్రంథాలయము చేయవలసిన పనిలో కొంతభాగము వారు చేసిరని ఒప్పుకొనుట న్యాయము.

మూడవ అభిప్రాయమును మాత్రము యథాతథముగా అంగీకరించుటకు వీలులేదు. పాతవన్నియు మంచివి, క్రొత్తవన్నియు చెడ్డవి యని అభిమాని యనునప్పుడు అతని జ్ఞాపకము అతనిని కొంత మోసపుచ్చుచున్నది. 1950 మొదలు 1965 వరకు వచ్చిన చిత్రములలో నేడు చెప్పుకొనబడునవి కొన్నియే. తక్కినవి ఆడి, ఆగి, మరపున పడినవి. కాలము చాటతో చెరిగి మిగిల్చిన గింజలను చూపి, ఆ యేటి పంట అంతయు ఇట్లేయుండెనని చెప్పుట రైతునకు తగదు. నిలిచిన చిత్రములలోను లోపములున్నవి. నిడివి ఎక్కువ. స్త్రీ ఎంత సహించిన నంత ఉత్తమురాలన్న బోధ పలుచోట్ల కనబడును. సేవకుని కొట్టుట, నత్తివానిని, బక్కవానిని వెక్కిరించుట హాస్యముగా చెల్లెను. వీనిని దాచి పొగడినచో నేటి పిల్లలు ఆ పొగడ్తనే నమ్మరు. తోడిపాత్రల విషయములో పాతచిత్రములు సాధించినది గొప్పదని చెప్పుటకు, తక్కిన లోపములు లేవని చెప్పనక్కరలేదు.

టెలివిజన్‌ను గూర్చియు అభిమానికి ఫిర్యాదు గలదు. చిత్రమును ముక్కలుచేసి నడుమ నడుమ సబ్బులు, నూనెలు అమ్ముదురని అతని కోపము. అది నిజమే. కాని అదే టెలివిజన్ లేకున్నచో 1957 నాటి ఘటోత్కచుని 1990 తరువాత పుట్టిన బాలుడు ఎరిగియుండెడివాడు కాడు. మాయాబజార్ 2010 జనవరి 30వ తేదీన రంగులు దిద్దుకొని హాళ్ళకు మరల వచ్చినప్పుడు, తాతతో మనుమడు పోయి చూచుటకు కారణము అంతకుముందే ఇంటిలో పరిచయ మగుటయే. ఐతే పెట్టెవలన కలిగిన నష్ట మొకటి గలదు. చిత్రారంభమున వచ్చు నటీనటుల పేర్లను నిదానముగా చదువువారు లేరు. ఆ సమయమున ఒకరు వంటయింట నుందురు, ఒకరు వేరొక ప్రసారమునకు త్రిప్పుదురు. ముఖములు మిగిలినవి, పేర్లు జారిపోవుచున్నవి. నాయకుని పేరు ఎట్లును మిగులును. ఆపదలో పడునది తోడిపాత్రధారుల పేరే.

ఈ ఆపద ఊహించి చెప్పునది కాదు. హెచ్. ఎమ్. రెడ్డి దర్శకత్వము వహించిన ‘భక్తప్రహ్లాద’ తెలుగువారి తొలి టాకీ. అందు హిరణ్యకశిపుడుగా మునిపల్లె సుబ్బయ్య, లీలావతిగా కమలాబాయి నటించిరి. ఆ చిత్రముయొక్క ప్రతి నేడు లభ్యము కాదు. వారెట్లు నటించిరో, ఎట్లు పాడిరో తెరపై చూచుటకు వీలులేదు. అంతేకాదు, అది 1931 సెప్టెంబరు 15వ తేదీన విడుదలయినదని పలు దశాబ్దములు అందరును వ్రాసిరి, ఉత్సవములు జరిపిరి. తరువాత పరిశోధకులు నాటి సెన్సారు వివరములను, పత్రికలలోని ప్రకటనలను వెదకి, అది 1932 ఫిబ్రవరి 6వ తేదీన బొంబాయి కృష్ణా సినిమా థియేటరులో విడుదలయినదని తేల్చిరి. చిత్రము పోయినది. తేదీ దక్కినది. దక్కుటకు కారణము పాతకాగితములను ఎవరో పారవేయకుండుట.

ఆనాటి ఫిల్ము స్వభావము చెడ్డది. నైట్రేటు ఫిల్ము నిప్పు తగిలిన క్షణములో మండును. మండకున్నను ఏండ్లు గడచినకొలది జిగటయై, పొడియై పోవును. ఆటలు ముగిసిన ప్రతులను అందలి వెండికొరకు కరగించిన సందర్భములును దేశమున కలవు. 1964లో పూనాలో జాతీయ చలనచిత్ర భాండాగారము నెలకొల్పబడునప్పటికే మూకీలలోను, తొలి టాకీలలోను పెక్కు నశించినవి. రీళ్ళను కాపాడుట గ్రామ గ్రంథాలయమునకు శక్యము కాదు. దాని కట్టి గదులును లేవు, ధనమును లేదు. కాని కాగితములను, మాటలను కాపాడుట శక్యము.

ఊరి ఇండ్లలో అటకలమీద, పాత ట్రంకుపెట్టెలలో పాటల పుస్తకములు ఇంకను కొన్ని మిగిలియున్నవి. ఎనిమిది, పదునారు పుటల ఆ చిన్నపుస్తకమునందు నటీనటుల పట్టిక, సాంకేతికుల పేర్లు, కథాసంగ్రహము అన్నియు నుండును. వానిని చిత్తుకాగితములవానికి తూచి వేయుటకు బదులు గ్రంథాలయమున కొసగినచో, పురాణ ప్రబంధముల సరసన ఒక అర చాలును. పాత సినిమా పత్రికలకును, వెండితెర నవలలకును అదియే చోటు.

రెండవ పని మాటలను వ్రాసియుంచుట. ఒక చిత్రమునకు ఒక పుట చొప్పున పెద్ద నోటుపుస్తకము నొకదానిని ఏర్పరుపవచ్చును. పుట పైభాగమున చిత్రము పేరు, సంవత్సరము, ఏ పాత్ర ఎవరిదో తెలుపు పట్టిక. క్రిందిభాగమున పెద్దల అభిప్రాయములు, ఆ చిత్రము ఈ ప్రాంతమున ఏ టాకీసులో ఆడెను, జనము ఎక్కడ నవ్విరి, ఎక్కడ ఏడ్చిరి, ఏ పాత్ర పేరు ఊరిలో ఎవరికి మారుపేరుగా నిలిచెను అను వివరములు. పెద్దలు చెప్పవలెను, విద్యార్థులు వ్రాయవలెను. లంబు ఎవరు, జంబు ఎవరు అని వాదము వచ్చినప్పుడు గొంతు పెద్దదైనవాడు గెలువకుండ, పాటల పుస్తకము తెరచి చూడవలెను. జ్ఞాపకము చెప్పిన మాటయేదో, కాగితము చెప్పిన మాటయేదో వేరువేరుగా గుర్తించి వ్రాయవలెను. ఆ అలవాటు పిల్లలకు పట్టుబడినచో, అది సినిమాతో ఆగదు. గ్రామచరిత్ర వ్రాయుటకు, శాసనము చదువుటకు, వార్తలోని నిజమును వడగట్టుటకును అదియే పనికివచ్చును.

ఈ పని వాయిదా వేయుటకు వీలులేనిది. ఇసుకకుప్పపై కూర్చుండి పాతాళభైరవి చూచిన పది యేండ్ల బాలునికి నేడు ఎనుబది దాటినవి. అట్టివారు ఊరికి ఒకరో ఇద్దరో మిగిలియున్నారు. వారు వెళ్ళినపుడు వారితో సినిమా కథలు పోవు, అవి పెట్టెలో నున్నవి. పోవునది ఆనాటి ప్రేక్షకుని గుండె. ఏ మాటకు డేరా దద్దరిల్లినదో, ఏ చూపునకు నేలతరగతి నిశ్శబ్దమైనదో చెప్పగలవారు వారే. నటుడు సగము చేసిన పనిని ప్రేక్షకుడు పూర్తిచేయును. ఆ రెండవ సగము ఏ భాండాగారమునను లేదు.

తెరపై పేరు చిన్న అక్షరములలో పడిన నటీనటులు ఆ చిత్రములను తమ భుజములపై మోసిరి. నాయకుడు నడచుటకు వారు ఇల్లైరి, వీధియైరి, ఊరైరి. గ్రామ జీవనమును అట్లే మోయువారి పేర్లును చిన్న అక్షరములలోనే యుండును. వారిని గుర్తుంచుకొను అలవాటు గ్రంథాలయమున మొదలగుట ఎంతయు ఉచితము. ఈ రజతోత్సవ సంవత్సరమున ఆ నోటుపుస్తకముయొక్క మొదటి పుట వ్రాయబడుగాక. స్వర్ణోత్సవమునాడు దానిని తెరచువారికి సూర్యకాంతము, రమణారెడ్డి, ఛాయాదేవి, ఋష్యేంద్రమణి, సి. యస్. ఆర్. అను పేర్లతో పాటు, వారిని చూచి నవ్విన, ఏడ్చిన ఈ ఊరివారి మాటలును వినబడుగాక.

స్వస్తి.